మెడ మీద నలుపు మురికి కాదు

(మహిళా కార్మికుల సమావేశంలో యూనియన్ మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ సభలో మొటిమల గురించి, గడ్డం మీద వెంట్రుకల గురించి మాట్లాడటమేమిటని నవ్వుకునేవాళ్ళు ఉంటారని మాకు తెలుసు. బోనస్ సంగతి తేలలేదు, పీస్ రేటు సంగతి తేలలేదు, ఈ ముచ్చట దేనికి అని కార్యవర్గంలోనే ఒకరిద్దరు అడిగారు. ఈ ముచ్చట మా దగ్గరికి ఒక ప్రమాదం రూపంలో వచ్చింది. ముందు అది చెబుతాం.

నిరుడు ఎండాకాలం, ఇక్కడే సోలాపూరులో, ఒక టవల్ కార్ఖానాలో కండెలు చుట్టే చెల్లెలి ఓణీ తిరుగుతున్న షాఫ్టులో చిక్కుకుంది. పక్కనున్న అక్క చూసి స్విచ్ ఆపింది కాబట్టి మెడ గీరుకుపోయి బయటపడింది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో ఇక్కడున్న వాళ్ళకు చెప్పక్కరలేదు. షాఫ్టుకు కంచె లేదు. తిరిగే భాగాలకు కంచె ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న మాటే. దాని మీద మేము గట్టిగా మాట్లాడాం, కంచె వేయించాం. యజమాని మాత్రం ఆ పిల్లనే తిట్టాడు. రేకుల షెడ్డులో, 40 డిగ్రీల ఎండలో మెడకు రెండు చుట్లు ఓణీ చుట్టుకుని పని చేయడమేమిటన్నాడు.

తిట్టు తిట్టే గానీ, ఆ ప్రశ్న మాకూ వచ్చింది. రెండు రోజుల తర్వాత ఇంటికి వెళ్ళి మెల్లగా అడిగితే ఆ చెల్లెలు ఓణీ తీసి మెడ చూపించింది. మెడ వెనక, పక్కల, నల్లగా, దళసరిగా, మఖ్మల్ బట్టలా ఉంది. చంకల్లోనూ అంతేనట. "స్నానం చేయవా?" అని తోటివాళ్ళే అన్నారట. కొబ్బరి పీచుతో రుద్దింది. నిమ్మకాయ, వంటసోడా, చివరికి కాళ్ళు రుద్దుకునే రాయితో కూడా రుద్దింది. తోలు లేచి పుండయింది, మానినాక ఇంకా నల్లబడింది. గడ్డం కింద నాలుగు ముదురు వెంట్రుకలు కూడా ఉన్నాయి. నెలసరి మాట అడిగితే మూడు నెలలకో నాలుగు నెలలకో వస్తుందనీ, రాకపోవడమే పనికి సుఖంగా ఉందనీ చెప్పింది.

ఆ ఒక్క పిల్ల కథే అయితే ఈ సభ పెట్టేవాళ్ళం కాదు. అప్పటి నుంచి మేము మెడలు గమనించడం మొదలుపెట్టాం. కోన్ వైండింగులో, అంచులు కుట్టే చోట, ప్యాకింగులో ఎండాకాలంలో కూడా మెడకు గుడ్డ చుట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరూ రేపు చూడండి.

మేము డాక్టర్లం కాదు. చర్మవ్యాధుల డాక్టరమ్మనూ, స్త్రీల వైద్యురాలినీ కలిసి, అడిగిందే అడిగి తెలుసుకున్నది మన భాషలో చెబుతున్నాం.

మెడ మీద ఆ నలుపు మురికి కాదు. రుద్దితే పోయేది కాదు. అది లోపలి నుంచి వస్తుంది. మనం తిన్నది చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండరాలూ కాలేయమూ తీసుకునేలా చేసేది ఇన్సులిన్. కొందరి ఒంట్లో ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినదు. అప్పుడు క్లోమం అనే గ్రంథి మరింత ఇన్సులిన్ పోస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మంలోని కణాలను తట్టి లేపుతుంది. అవి పెరగవలసిన దానికంటే ఎక్కువ పెరుగుతాయి. మడతలు పడే చోట, అంటే మెడ, చంకలు, గజ్జల దగ్గర, చర్మం మందమై నల్లబడుతుంది. చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతాయి. డాక్టర్లు దీన్ని అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. పేరు గుర్తుపెట్టుకోనక్కర లేదు. మెడ నల్లబడిందంటే చక్కెర పరీక్ష చేయించుకోవాలన్నది గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ దశలో రక్తంలో చక్కెర మామూలుగానే ఉండవచ్చు. డయాబెటిస్ రాకముందే, కొన్నేళ్ళ ముందే, మెడ మీద చీటీ అంటించి పంపినట్టు ఇది.

సోదరులారా, ఈ చీటీ ఆడవాళ్ళకే రాదు. మీ మెడలు కూడా ఒకసారి అద్దంలో చూసుకోండి.

ఇక గడ్డం మీది వెంట్రుకల సంగతి. అదే ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు అండాశయాలను కూడా తడుతుంది. అవి ఆండ్రోజన్లు అనే హార్మోన్లను ఎక్కువగా తయారు చేస్తాయి. వీటిని మగ హార్మోన్లు అంటారు. ఆ పేరు వల్లే సగం సిగ్గు వచ్చింది. ప్రతి ఆడదాని ఒంట్లోనూ ఇవి కొంచెం ఉంటాయి, ఉండాలి. మామూలుగా కాలేయం తయారుచేసే ఒక ప్రొటీను వీటిని కట్టి ఉంచుతుంది. ఇన్సులిన్ ఎక్కువైతే ఆ ప్రొటీను తగ్గి, హార్మోను విడిగా తిరుగుతుంది. చర్మంలోని నూనె గ్రంథులను తడితే ముఖం జిడ్డై, దవడ వెంట, గడ్డం చుట్టూ, వీపు మీద మొటిమలు లేస్తాయి. వెంట్రుకల కుదుళ్ళను తడితే పైపెదవి, గడ్డం, రొమ్ము, బొడ్డు కింద ఉన్న సన్నని నూగు ముదురు వెంట్రుకగా మారుతుంది. విచిత్రమేమిటంటే అదే హార్మోను తల మీద వ్యతిరేకంగా పని చేస్తుంది. నడినెత్తిన జుట్టు పలచబడి పాపిట వెడల్పవుతుంది. అందరికీ అన్నీ రావు. ఒకరికి మొటిమలే, ఒకరికి మెడే, ఒకరికి పాపిటే.

వీటితో పాటు నెలసరి కూడా తప్పుతుంటే, మన దగ్గర "పీసీఓడీ" అనీ, "నీటి బుడగలు" అనీ అనే జబ్బు కావచ్చు. డాక్టర్లు పీసీఓఎస్ అంటారు. 1935లో చికాగోలో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీల గురించి రాసినప్పటి నుంచి దీని మీద చర్చ సాగుతూనే ఉంది. నీటి బుడగలు అనగానే మనవాళ్ళు కడుపులో గడ్డలు అనుకుని ఆపరేషనుకు భయపడతారు. అవి గడ్డలు కావు. పక్వం కాకుండా మధ్యలో ఆగిపోయిన అండాల తిత్తులు. గర్భసంచిలో కాదు, అండాశయాల్లో ఉంటాయి. స్కానింగులో అవి కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. నెలసరి తప్పడం, ఆండ్రోజన్ల గుర్తులు, స్కానింగు, ఈ మూడింటిలో రెండు ఉండి, వేరే కారణం లేదని తేలితేనే పెద్దవాళ్ళలో ఆ పేరు పెడతారు. టీనేజీలో ఉన్న పిల్లలకు ఈ జబ్బు తేల్చడానికి స్కానింగు మీద ఆధారపడవద్దని 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. 15 ఏళ్ళ పిల్లను స్కానింగు సెంటరుకు ఈడ్చుకెళ్ళి డబ్బు తగలేసిన తల్లులు మనలో ఉన్నారు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాం.

ఆ మార్గదర్శకాల లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుంది. ఉన్నవాళ్ళలో నూటికి 70 మంది దాకా తమకు ఉందని తెలియకుండానే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందన్నది నిజం కాదు. బక్కగా ఉన్న మన పిల్లలకూ వస్తుంది.

ఒక సంగతి మిల్లు మనుషులుగా మనం వేరుగా చూసుకోవాలి. పొక్కులన్నీ హార్మోను వల్ల రావు. యంత్రాలకు నూనె పెట్టేవాళ్ళకు, నూనె మరకల బట్టతోనే పాళీ అంతా పని చేసేవాళ్ళకు ముంజేతుల మీద, తొడల మీద నల్ల తలల పొక్కులు లేస్తాయి. నూనె కుదుళ్ళలో చేరి వచ్చేవి అవి. అద్దకం దగ్గర పని చేసేవాళ్ళకు చేతులు దురద పెట్టి పగుళ్ళు పడితే అది రంగు వల్ల, రసాయనం వల్ల. ఈ రెంటికీ మందు సబ్బు, నీళ్ళు, తొడుగులు, ఉతికిన పని బట్టలు. అవి ఇవ్వవలసింది యాజమాన్యం. దవడ మీద, గడ్డం మీద వచ్చి నెలసరి తేదీలతో పాటు పెరిగి తగ్గేవి వేరు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మీరు చేసే పని ఏమిటో తప్పకుండా చెప్పండి. వాళ్ళు అడగరు.

రాత్రి పాళీ వల్లే ఈ జబ్బు వస్తుందా అని కొందరు అడిగారు. అలా అని రుజువు కాలేదు, రుజువు కానిదాన్ని మేము డిమాండ్ల పత్రంలో రాయం. నిద్ర చెడితే చాలామందికి నెలసరి తేదీలు తప్పడం మాత్రం నిజం.

ఇప్పుడు క్రీముల సంగతి. ఇక్కడ కొంచెం కోపంగా మాట్లాడతాం, ఏమీ అనుకోవద్దు. మొటిమలు వస్తే, మెడ నల్లబడితే మనం ముందు వెళ్ళేది దవాఖానకు కాదు, మెడికల్ షాపుకు. వాడిచ్చే ట్యూబులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వారం పది రోజులు ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. తర్వాత తోలు పలచబడుతుంది, ఎర్రబడుతుంది, ఎండలోకి వెళ్తే మండుతుంది. ఆపితే ముఖమంతా పొక్కులు. అన్నిటికంటే దారుణం, ఆ క్రీము వల్లే కొత్త మొటిమలు వస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. అంటే దేనికోసం రాశామో అదే పెరుగుతుంది. జబ్బేదో క్రీమేదో డాక్టరుకు కూడా తెలియకుండా పోతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నియమం మార్చింది. ఇప్పటికీ అడిగితే ఇస్తారు, అడగకపోయినా ఇస్తారు. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా మానేయకండి. ట్యూబు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మెల్లగా మాన్పిస్తారు.

అదే డబ్బు లెక్క చూద్దాం. 2019 జూలైలో అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం ఈఎస్‌ఐకి కార్మికుల వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 12,000 రూపాయల పగారు ఉంటే 90 రూపాయలు మనవి, 390 రూపాయలు యజమానివి. ఆ 480 రూపాయలు మన వైద్యానికే కట్టి, మళ్ళీ మెడికల్ షాపులో ట్యూబుకు, పార్లరులో బ్లీచింగుకు విడిగా కడుతున్నాం. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో చర్మం డాక్టరుకు చీటీ రాయమని అడగండి. సోదరులారా, మీ కార్డు మీద మీ భార్యకు, పెళ్ళికాని కూతురికి కూడా వైద్యం ఉంది. కార్డు లేనివాళ్ళు, ఇంట్లో అంచులు కుట్టే అక్కలు, చిన్న షెడ్లలో పని చేసేవాళ్ళు సివిల్ దవాఖానకు వెళ్ళవచ్చు. ప్రభుత్వం ఊళ్ళల్లో, బస్తీల్లో చేసే ఉచిత చక్కెర పరీక్షల కార్యక్రమం 30 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం పెట్టింది. మన పిల్లల మెడలు 20 ఏళ్ళకే నల్లబడుతున్నాయి. కాబట్టి ఇంటికి వచ్చి పరీక్ష చేస్తారని ఎదురుచూడకుండా మనమే వెళ్ళి అడగాలి.

వెళ్ళేటప్పుడు మూడు సంగతులు పట్టుకెళ్ళండి. ఏడాదిలో ఎన్నిసార్లు నెలసరి వచ్చిందో కాలెండరు మీద గుర్తు పెట్టినది ఒకటి. 35 రోజులు దాటి దాటి వస్తుంటే, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వస్తుంటే చెప్పాలి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులు, మింగిన మాత్రల చీటీలు రెండోది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు కూడా ఇలాంటి గుర్తులు తెస్తాయి. అయితే దాన్ని మీకై మీరు మానవద్దు, చెప్పండి చాలు. ఇక మూడోది, ముఖం మీద త్రెడింగు చేయించుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పడం. డాక్టర్లు ఒంటి మీద తొమ్మిది చోట్ల వెంట్రుకలు చూసి లెక్క వేస్తారు. తీసేసుకుని వెళ్ళి నోరు మూసుకుంటే లెక్క తప్పుతుంది.

వైద్యం గురించి మా మాట కొద్దిగానే. నెలసరి సరిచేయడానికి, మొటిమలూ వెంట్రుకలూ తగ్గడానికి డాక్టర్లు తరచుగా గర్భనిరోధక మాత్రలు రాస్తారు. పెళ్ళికాని పిల్లకు ఇవేం మాత్రలని తల్లులు చించి పారేసిన సంఘటనలు మాకు తెలుసు. ఆ మాత్రలో ఉన్నది హార్మోను. ఇక్కడ దాని పని గర్భం ఆపడం కాదు, ఆండ్రోజన్లను అణచడం. అయితే బీపీ ఉన్నవాళ్ళు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు వచ్చే తలనొప్పి ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు ముందే చెప్పాలి. ఇన్సులిన్ సంగతికి మెట్‌ఫార్మిన్ ఇస్తారు. వెంట్రుకలకు స్పిరోనోలాక్టోన్, గట్టి మొటిమలకు ఐసోట్రెటినోయిన్ అనే మందులున్నాయి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు ఈ రెండూ డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. కడుపులో బిడ్డకు ప్రమాదం. పక్కింటి పిల్లకు తగ్గిందని ఆమె చీటీ పట్టుకెళ్ళి కొనుక్కోవద్దు.

ఏ మందైనా వెంట్రుకల మీద పని చేయడానికి ఆరు నెలలు పడుతుంది. ముదిరిన వెంట్రుక వెంటనే నూగుగా మారదు. అందుకే మందు వాడుతూనే ఉన్నవాటిని తీయించుకోవాలి. త్రెడింగో, కత్తెరో, బ్లేడో, మీ ఇష్టం. బ్లేడు పెడితే దట్టంగా వస్తాయన్నది వట్టి మాట. రెండు నెలలకే మానేసి మందు పని చేయలేదనవద్దు.

బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు కొంచెం తగ్గినా నెలసరికీ చక్కెరకూ మేలు. రోజుకు పన్నెండు గంటలు నిలబడేవాళ్ళకు మళ్ళీ వ్యాయామమా అని అడిగాం. నిలబడటం వేరు, ఒళ్ళు కదిలి ఆయాసం వచ్చేలా నడవడం వేరు అన్నారు డాక్టరమ్మ. అది నిజమే కావచ్చు. కానీ ఆ నడక ఎప్పుడు నడవాలో పాళీ వేళలు రాసేవాళ్ళు చెప్పాలి. పాళీలో తాగే నాలుగైదు చాయ్‌ల చక్కెర మాత్రం మన చేతిలో ఉంది. జొన్నరొట్టె మానేసి మైదా పావుకు ఎగబడటం కూడా మన చేతిలో ఉన్నదే.

నెలసరి రాకపోవడం పనికి సుఖం అనుకునే చెల్లెళ్ళు ఒకటి వినాలి. గర్భం లేకుండా మూడు నెలలు దాటినా రాకపోతే లోపలి పొర దళసరెక్కుతుంది. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే క్యాన్సరు ముప్పు పెరుగుతుంది. మందుతో రప్పించాలి. పేరు చెప్పకుండా, కాగితం లేకుండా సూపర్‌వైజరు చేతిలో పెట్టే మాత్రతో కాదు. నెలసరి నొప్పికి పేరులేని మాత్రలు ఇచ్చి పని చేయించుకుంటున్నారని 2019లో తమిళనాడు బట్టల కార్ఖానాల గురించి పత్రికల్లో వచ్చింది. కోయంబత్తూరు, తిరుప్పూరు వైపు ఈ బులెటిన్ చదివే మన అక్కచెల్లెళ్ళు ఏ మాత్రైనా పట్టీ మీద పేరు చూసే తీసుకోండి.

కొన్నింటికి ఆగకూడదు. రెండు మూడు నెలల్లోనే ఒళ్ళంతా వెంట్రుకలు వచ్చి గొంతు మగగొంతు అయితే అది పీసీఓఎస్ కాకపోవచ్చు, గడ్డ ఏదైనా ఉందేమో వెంటనే చూపించాలి. పెద్ద వయసులో అకస్మాత్తుగా మెడ నల్లబడి, బరువు తగ్గిపోతుంటే అదీ అంతే.

పెళ్ళి మాట ఎత్తకుండా ఈ సభ ముగియదని తెలుసు. "పెళ్ళయితే అదే పోతుంది" అని కొందరు, "దీనికి పిల్లలు పుట్టరు" అని కొందరు. రెండూ తప్పే. పెళ్ళితో పోదు. పిల్లలు చాలామందికి మామూలుగానే పుడతారు, కొందరికి అండం విడుదలకు మందు కావలసి వస్తుంది, ఆ మందులున్నాయి. సంబంధం చూడటానికి వచ్చి పిల్ల మెడ వంక చూసేవాళ్ళలో మన యూనియన్ సభ్యులు కూడా ఉన్నారు. పేర్లు చెప్పం.

ఇక యాజమాన్యాల ముందు పెట్టినవి చెబుతాం. చక్కెర పరీక్ష అంటే ఖాళీ కడుపుతో ఒకసారి రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజు తాగి, రెండు గంటల తర్వాత మళ్ళీ ఇవ్వడం. దవాఖాన వరుసతో కలిపి సగం పాళీ పోతుంది. ఇవాళ ఆ సగానికి ఖాడా పడుతోంది, హాజరు బోనసు పోతోంది. దవాఖాన చీటీ చూపితే సగం పాళీ కోత లేకుండా ఇవ్వాలని అడిగాం. ప్రతి తిరిగే షాఫ్టుకు కంచె అడిగాం. మెడకు గుడ్డ చుట్టుకుని యంత్రం ముందు నిలబడవద్దని మీకు చెబుతున్నాం. చుట్టుకునేలా చేసే మాటలు అనవద్దని పక్కవాళ్ళకు చెబుతున్నాం. మూడు కార్ఖానాలు సగం పాళీకి ఒప్పుకున్నాయి. మిగతావాళ్ళు ఆడవాళ్ళ సోకులకు సెలవా అన్నారు. వాళ్ళకు మెడ మీది చీటీ సంగతి రాతపూర్వకంగా పంపాం.

ఆ చెల్లెలికి చక్కెర ఇంకా హద్దు లోపలే ఉంది. మందు మొదలుపెట్టి నాలుగో నెల. మెడ ఇంకా నల్లగానే ఉంది, కొంచెం మెత్తబడిందట. ఓణీ మాత్రం పనిలోకి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గరి మేకుకు తగిలిస్తోంది.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి యూనియన్ ఆఫీసులో మహిళా విభాగం కూర్చుంటుంది. ఈఎస్‌ఐ కార్డు తెచ్చుకోండి. ఇంట్లో గూట్లో ఉన్న క్రీము ట్యూబులన్నీ కూడా తెండి, వాటి మీద ఏం రాసి ఉందో చదివి చెబుతాం.